రేపేం నాటకం?

తాండవ ఒడ్డున మా తునిలో కొన్నేళ్ళ కిందట మూడు రోజుల నాటిక పోటీలు జరిగాయి. ఆఖరి రాత్రి బహుమతులు ఇచ్చి, శాలువాలు కప్పి, వందన సమర్పణ ముగించేసరికి పన్నెండు దాటింది. పందిరి బయట వేరుసెనక్కాయలు వేయించి అమ్ముకునే ఆవిడ ఆ మూడు రాత్రులూ తన బండిని స్టేజీ కనబడేలా కాస్త వాలుగా నిలబెట్టుకుంది. బేరం వస్తే పొట్లం కట్టి ఇచ్చేది గానీ చూపంతా స్టేజీ మీదే. ఏడుపు సీను వస్తే మూకుట్లో గరిట ఆగిపోయేది. ఆఖరి రాత్రి మైకు వైర్లు చుట్టుకుంటున్న కుర్రాణ్ణి అడిగింది, "రేపేం నాటకం బాబూ?" అని. "రేపేముంది పిన్నీ, అయిపోయిందిగా. మళ్ళీ వచ్చే ఏడే" అన్నాడు వాడు. ఆ వచ్చే ఏడు మళ్ళీ రాలేదు.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటాం. ఆ సభ ఏ ఊళ్ళో జరిగినా ఒకటే మాట వినబడుతుంది: నాటకానికి జనం లేరు. టీవీ వచ్చి సగం ప్రాణం తీసింది, ఫోను వచ్చి మిగతా సగం తీసింది, ఇక ప్రభుత్వమో దాతలో ఏడాదికోసారి పోటీలు పెట్టి దీపం కొండెక్కకుండా చూసుకోవాలి. ఇలా అంటున్నవాళ్ళు నాటకం గిట్టనివాళ్ళయితే నాకు బాధ లేదు. నాటకం కోసం ఇల్లూ ఒళ్ళూ గుల్ల చేసుకున్న పెద్దలే అంటున్నారు. వాళ్ళ మాట మీద గౌరవంతోనే నమ్మి కుర్రాళ్ళు నాటకం వైపు రావడం మానేస్తున్నారు. అందుకని ఆ మాటని ఖండించక తప్పదు.

జనం ఉన్నారు. వాళ్ళకి రేపటి నాటకం లేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇవాళ ఆడింది రేపు ఆడదు. వచ్చే నెల ఈ ఊరికి ఎవరొస్తారో, ఏం ఆడతారో చెప్పే కాగితం ఏ గోడకీ అంటించి ఉండదు. "ఈ ఏడాది మేం ఆడబోయే నాటకాలివి, ఫలానా తేదీన ఫలానా ఊళ్ళో ఉంటాం" అని ముందుగా ప్రకటించి, ఆ మాట మీద నిలబడే నాటకశాల, తెలుగువాళ్ళందరిదీ అని చెప్పుకోదగ్గది, మనకి లేదు. 2011 లెక్కల ప్రకారం మన దేశంలో 8 కోట్ల మందికి పైగా మాట్లాడే భాష ఇది. చేతిలో పట్టిక పెట్టకుండా జనం రాలేదని అనడం, ఆకు వెయ్యకుండా అతిథి తినలేదని నిష్ఠూరమాడినట్టుంది.

"సీజన్లూ అవీ లండన్ వాళ్ళ ముచ్చట్లు, మన ఊళ్ళలో కుదరవు" అని ఒక సభలో ఒక పెద్దాయన నన్ను కోప్పడ్డాడు. ఆయనకి నా జవాబు మా అమ్మమ్మ.

మా అమ్మమ్మ తమలపాకు తోటల్లో ఆకు కోసి, లెక్కపెట్టి కట్టలు కట్టే కూలికి వెళ్ళేది. దీపాలవేళకి ఇంటికొచ్చి, పిల్లలకింత కలిపి పెట్టి, చిన్నవాణ్ణి చంకనేసుకుని సురభి డేరాకి పోయేది. నేల టిక్కెట్టు. కూర్చోవడానికి చాప ఇంటినుంచే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన ఆ నాటక కుటుంబం పిల్లాజెల్లాతో పెరిగి, పదుల సమాజాలుగా చీలి, తెలుగు నేలంతా తిరిగింది. ఊరికి వచ్చిందంటే డేరా వేసి, జనం వస్తున్నన్నాళ్ళూ అక్కడే కాపురం. రోజుకొక నాటకం. సోమవారం లవకుశ, మంగళవారం మాయాబజారు, బుధవారం బాలనాగమ్మ అని ఎనభై ఏళ్ళు దాటాక కూడా అమ్మమ్మ వేళ్ళు మడిచి చెప్పేది. నిన్న సీత వేసిన అమ్మాయి ఇవాళ మాంత్రికుడి చెరలో ఉండేదట. ఆ అమ్మాయి చంకలో పిల్లాడు ఎల్లుండి కృష్ణలీలల్లో బాలకృష్ణుడట. ఆట అయ్యాక తెర ముందుకి ఒకాయన వచ్చి మర్నాటి నాటకం పేరు చెప్పేవాడట. ఆ పేరు చెవిన పడేదాకా ఎవరూ చాప చుట్టేవాళ్ళు కారట.

ఇంతకన్నా సీజన్ అంటే ఏమిటి? ఒక నటవర్గం, చేతిలో పది నాటకాలు, ముందుగా చెప్పిన వరస, గుమ్మంలో టిక్కెట్టు. ఈ నాలుగూ మన దగ్గర వందేళ్ళ కిందటే ఉన్నాయి. పద్యాలూ తీగల మీద ఎగిరే రాక్షసులూ చూసి సురభి అంటే పాతకాలపు వింత అనుకునేవాళ్ళు, 1990ల్లో బి.వి. కారంత్ వచ్చి వాళ్ళతో కూర్చున్నప్పుడు జరిగింది గుర్తు చేసుకోవాలి. ఆ నటులే భీష్మ ఆడారు, చండీప్రియ ఆడారు, బ్రెహ్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా ఆడారు. వాళ్ళు ఎప్పుడూ ఒక నాటకానికి కట్టుబడి ఉన్నవాళ్ళు కాదు కాబట్టి ఏ నాటకమైనా ఆడగలిగారు. సురభి నాగేశ్వరరావుకి, మనందరికీ బాబ్జీగా తెలిసినాయనకి, 2013లో పద్మశ్రీ ఇచ్చాం. ఆయన బతుకంతా నిలబెట్టిన పద్ధతిని మాత్రం ఇంకే సమాజానికీ నేర్పలేదు.

ప్రేక్షకుడి వైపు నుంచి కూడా ఇది ఆలోచించాలి. ఒక నటుణ్ణి ఒక్కసారి, ఒక్క వేషంలో చూసి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే వాడు మనకి పరాయివాడే. అదే మనిషిని ఆరు రాత్రుల్లో ఆరు వేషాల్లో చూస్తే వాడు మనవాడైపోతాడు. మా అమ్మమ్మకి ఆ సీత పేరు తెలుసు, ఏ ఊళ్ళో పురుడు పోసుకుందో తెలుసు. డేరా ఎత్తేసిన రోజున ఆకు తోటకి పోకుండా ఇంట్లో పడుకుందని మా అమ్మ చెప్పేది. ప్రేక్షకులంటే అలా తయారవుతారు. కరపత్రం పంచినంత మాత్రాన తయారవరు.

ఇక నాటక పోటీలు నడిపే పరిషత్తుల మాట. ఇక్కడే నా మీద ఎక్కువ కోపాలు వస్తాయని తెలుసు. నేను పరిషత్తుల అన్నం తిన్నవాణ్ణి. పద్నాలుగో ఏట మొదటిసారి స్టేజీ పక్కన నిలబడి తెరతాడు లాగింది పోటీ నాటికకే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టకపోతే, ఆ తర్వాత ఊరూరా పోటీలు లేకపోతే, పౌరాణికాల రాజ్యంలో సాంఘిక నాటకానికి కాలు మోపే చోటు దొరికేది కాదు. గుమాస్తా ఇంట్లో నెలాఖరు ఆకలిని స్టేజీ ఎక్కించిన ఆత్రేయ ఎన్.జి.ఓ. అన్ని ఊళ్ళకి పాకిందంటే ఆ పుణ్యంలో పోటీలకి వాటా ఉంది. గోదావరి జిల్లాల్లో ఎన్ని పల్లెల్లో రైతులు కళ్ళంలో పందిరి వేసి, చందాలెత్తి, వచ్చిన సమాజాలకి పులిహోర పొట్లాలు కట్టి మరీ నాటికలు ఆడించారో నేను చూశాను. వాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను.

కానీ పరిషత్తులే నాటకాన్ని బతికిస్తున్నాయి అనే మాట ఒప్పుకోను. పోటీ నాటికని దగ్గరగా చూసినవాళ్ళకి తెలుస్తుంది అది ఎవరికోసం తయారవుతోందో. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు, వాళ్ళ ముందు బల్ల, బల్ల మీద చిన్న దీపం, మార్కుల కాగితం. నటుడు ఆ దీపాన్ని చూసి నటిస్తాడు. రచయిత ఆ కాగితంలో గళ్ళు చూసి రాస్తాడు. ఉత్తమ నటుడికి ఒక కన్నీటి ప్రసంగం, ఉత్తమ ప్రతినాయకుడికి ఒక గర్జన, ఉత్తమ హాస్యానికి ఒక పనివాడు, ఆఖర్లో ఒక చావు. ఇది తప్పు అనడానికి లేదు, పోటీ పెట్టినప్పుడు గెలవడానికి రాస్తారు. వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళెవరు? రేపు ఆడబోయే సమాజంవాళ్ళు, నిన్న ఆడిన సమాజంవాళ్ళు, నిర్వాహకుల బంధువులు. ఊరి జనం వాళ్ళ వెనక, వేరుసెనక్కాయల బండి దగ్గర నిలబడి చూస్తారు. వాళ్ళని లెక్కపెట్టే గడి ఆ కాగితంలో లేదు.

ఒక ఊళ్ళో, ఊరి పేరెందుకు, మా నాటిక ఆడుతోంది. నియమం ప్రకారం గంట దాటకూడదు. మా నాటికలో ముసలి తండ్రి వేసినాయన ఆ రోజు ఎందుకో ప్రాణం పెట్టి చేస్తున్నాడు. కొడుకు ఊరు వదిలి వెళ్ళే సీనులో ఆయన చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది చెప్పే ముందు ఆగాడు. అలా ఆగమని ఎవరూ చెప్పలేదు, రిహార్సల్లో ఎప్పుడూ ఆగలేదు. పందిట్లో చంటిపిల్లల ఏడుపు కూడా వినబడలేదు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు గంట మోగింది. సమయం అయిపోయింది. న్యాయనిర్ణేతల దీపం ఆరింది, కుర్చీలు జరిగిన చప్పుడు. ఆయన ఆ మాట చెప్పకుండానే తెర పడింది. ఆ తెరతాడు లాగింది నేనే. రాత్రి రెండు గంటల పాసింజరులో తిరిగి వస్తూ ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాలి. ఆ నాటికని ఇంకో రెండు పోటీల్లో ఆడి మూసేశాం. ఆ నిశ్శబ్దం దొరికిన నాటిక యాభై రాత్రులు ఆడాల్సింది.

పద్యనాటకం సంగతి వేరు. జనం రారనేవాళ్ళని శ్రీరామనవమి పందిళ్ళ రోజుల్లో తుని చుట్టుపక్కల పల్లెలకి పిలుస్తాను. రాత్రి పదింటికి కురుక్షేత్రం మొదలవుతుంది. రాయబారం సీను దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట. తిరుపతి వేంకట కవులు రాసిన పద్యం కృష్ణుడు ఎత్తుకోకముందే ముందు వరసలో కూర్చున్న ముసలాయన పెదాలు కదులుతూ ఉంటాయి. రాగం బాగా సాగితే వన్స్‌మోర్, పది రూపాయల నోటు చొక్కాకి గుచ్చడం. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు పాడిన పద్ధతులు పోల్చి వాదించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎకరం పొలం ఉన్న రైతు, బడిలో ఎనిమిదో తరగతి దాటనివాడు, పద్యంలోని సమాసాన్ని విరిచి అర్థం చెప్పడం నేను విన్నాను. ఇలాంటి ప్రేక్షకుణ్ణి పెట్టుకుని జనం లేరనడం ఆ ముసలాయనకి అన్యాయం.

అయితే ఆ పందిట్లోనూ రేపు లేదు. కాంట్రాక్టరు కృష్ణుణ్ణి ఒక ఊరినుంచి, అర్జునుణ్ణి ఇంకో ఊరినుంచి, హార్మోనిస్టుని మూడో ఊరినుంచి పిలిపిస్తాడు. గ్రీన్‌రూములో ముఖానికి రంగు వేసుకుంటూ మొదటిసారి పలకరించుకుంటారు. పేరున్నవాళ్ళందరికీ అవకాశం రావాలని ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. గొంతులు గొప్పవి, విద్య గొప్పది, నాటకం మాత్రం సీనులుగా తెగి పడి ఉంటుంది. దాన్ని ఒక చేత్తో కూర్చే దర్శకుడికి, నెల రోజుల సాధనకి ఆ ఏర్పాటులో చోటు లేదు.

దీనివల్ల వచ్చిన నష్టం చిన్నది కాదు. చింతామణిని తీసుకోండి. వరకట్నం మీద వరవిక్రయం, తాగుడు మీద మధుసేవ రాసిన కాళ్ళకూరి నారాయణరావు, వేశ్యాలోలత్వం మీద రాసిన నాటకం అది. సంస్కరణ కోసం రాసింది. దశాబ్దాల తరబడి రాతప్రతిని కాపాడే సంస్థ ఏదీ లేక, ఎవరికి తోచిన హాస్యం వాళ్ళు చేరుస్తూ పోతే సుబ్బిశెట్టి పాత్ర ఒక కులం మొత్తాన్ని నొప్పించే స్థితికి వచ్చింది. వాళ్ళ బాధలో నిజం ఉంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. కాళ్ళకూరి రాసిన మాటల్ని రాసినట్టు, మర్యాదగా, ఒక మంచి దర్శకుడి చేతిలో ఏడాదికి పది రాత్రులు ఆడుతూ ఉండే నాటకశాల ఒకటి ఉండి ఉంటే, జనానికి అసలు నాటకం ఏదో, అతికించిన బూతు ఏదో తేడా తెలిసేది. నిషేధం దాకా పోయేది కాదని నా నమ్మకం.

"టిక్కెట్టు పెడితే ఒక్కడూ రాడు" అనేది ఇంకో పాట. నాటకం కరపత్రం మీద ప్రవేశం ఉచితం అని వేసీ వేసీ, నాటకానికి వెల లేదని మనమే జనానికి నేర్పాం. టిక్కెట్టు కొన్నవాడికి హక్కు ఉంటుంది. ఎనిమిదింటికి అన్నది ఎనిమిదింటికి మొదలుపెట్టమని అడుగుతాడు, మంత్రిగారి రాక కోసం గంటన్నర ఆగితే గొడవ పెడతాడు, బాగులేకపోతే రేపు రాడు. నాటకానికి ఆ భయం కావాలి. 1872 డిసెంబరులో కలకత్తాలో నీల్ దర్పణ్‌తో తలుపులు తెరిచిన నేషనల్ థియేటర్ టిక్కెట్టు పెట్టింది. అంతకు ముందు బెంగాల్లో నాటకం జమీందార్ల ఇళ్ళలో పిలిచినవాళ్ళకే. టిక్కెట్టు వచ్చాకే డబ్బు పెట్టగల ఎవడైనా లోపలికి రాగలిగాడు. మరాఠీవాళ్ళు ఇవాళ్టికీ శని, ఆదివారాల్లో కుటుంబాలతో టిక్కెట్టు కొని నాటకానికి వెళ్తారు. ముంబై కన్నా పెద్ద సినిమా ఊరు, అక్కడికన్నా ఎక్కువ ఫోన్లు మన దగ్గరేం లేవు. ఒక నాటకం వందల ఆటలు ఆడటం వాళ్ళకి వార్త కాదు.

పక్కనే ఉన్న కన్నడదేశం చూద్దాం. శివమొగ్గ జిల్లాలో వక్కతోటల మధ్య హెగ్గోడు అనే పల్లె ఉంది. అక్కడ కె.వి. సుబ్బణ్ణ, ఆయన స్నేహితులు 1949లో నీనాసం మొదలుపెట్టారు. 1985 నుంచి వాళ్ళ తిరుగాట బృందం ఏటా కొత్త నాటకాలు సిద్ధం చేసుకుని, సెట్టూ లైట్లూ బండికెత్తుకుని కర్ణాటకలో ఊరూరా తిరుగుతోంది. షేక్‌స్పియరూ ఆడతారు, కాళిదాసూ ఆడతారు, కొత్త కన్నడ నాటకమూ ఆడతారు. నటులకి జీతం ఉంది. ఊళ్ళలో చిన్న సంఘాలు ముందే తేదీ అడిగి పెట్టుకుంటాయి. మైసూరులో ప్రభుత్వం 1989లో రంగాయణ పెట్టి కారంత్ చేతిలో పెట్టింది. మనకన్నా చిన్న పల్లెలు, మనలాంటి జనమే. అక్కడ మొలిచింది ఇక్కడ మొలవదని చెప్పేవాళ్ళు ఎప్పుడైనా విత్తు వేసి చూశారా?

మనకీ ఒక జాతీయ నాటకశాల కావాలి అనగానే మనవాళ్ళు భవనం గురించి మాట్లాడతారు. జాతీయ నాటకశాల అంటే రాజధానిలో వేలమంది పట్టే హాలు, పాలరాతి మెట్లు, తిరిగే స్టేజీ. భవనం వచ్చేదాకా నాటకం ఆగాలట. లండన్లో నేషనల్ థియేటర్ 1963లో లారెన్స్ ఒలీవియే నాయకత్వంలో మొదలైంది, అదీ ఓల్డ్ విక్ అనే పాత హాలు వాడుకుని. మొదటి నాటకం హామ్లెట్. సొంత భవనం తెరిచింది 1976లో. పదమూడేళ్ళ పాటు వాళ్ళ నాటకశాల అంటే నటులూ, నాటకాల పట్టికా, అంతే. సురభికి ఏనాడూ భవనం లేదు, డేరాయే. ముందు భవనం కట్టేసినవాళ్ళ సంగతి మన జిల్లాల్లోనే చూడొచ్చు. కళాకేంద్రం, కళామందిరం అని బోర్డు ఉన్న హాళ్ళలో ఏడాదిలో ఎన్ని రాత్రులు నాటకం ఆడుతోంది, ఎన్ని రాత్రులు పెళ్ళి భోజనాలు సాగుతున్నాయి?

ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది కదా అంటారు. 1959లో మొదలైన గొప్ప సంస్థ. 1964 నుంచి దానికి సొంత నటవర్గం కూడా ఉంది. వాళ్ళ నాటకం ఎక్కువగా హిందీలో. మన పిల్లలు అక్కడికి వెళ్ళి మంచి విద్య నేర్చుకుని వస్తున్నారు. వచ్చాక? జీతమిచ్చి తెలుగులో నాటకం ఆడించే చోటు లేక సినిమాలో చిన్న వేషాలకి, సీరియల్ డబ్బింగుకి, కాలేజీ పాఠాలకి సర్దుకుపోతున్నారు. సినిమా మన నటుల్ని ఎత్తుకుపోయిందని వాపోవడం కూడా నాకు నచ్చదు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో ముఖానికి రంగు వేసుకున్న ఎస్.వి. రంగారావు, రేలంగి, అంజలీదేవి సినిమాకి వెళ్ళారంటే అక్కడ జీతం ఉంది, మర్నాడు పని ఉంది. నాటకం వాళ్ళకి చప్పట్లు ఇచ్చింది, బియ్యం ఇవ్వలేదు.

ప్రభుత్వం ఊరుకోలేదు, 1998 నుంచి నంది నాటకోత్సవాలు జరిపింది కదా అని కొందరి వాదన. నంది వల్ల మారుమూల సమాజాలకి మంచి స్టేజీ, మంచి లైట్లు, కొంత పేరు దొరికాయి. కాదనను. కానీ తెలుగులో తుని తగవు అనే నుడికారం ఉంది. ఇద్దరు తగువుకొస్తే చెరిసగం పంచి, ఎవరికీ పూర్తి న్యాయం చెయ్యకుండా, తగువు తీరిందనిపించడం. నాటకానికీ ప్రభుత్వానికీ మధ్య నంది ఆ తీర్పే. పద్యనాటకానికి బంగారు నంది, సాంఘిక నాటకానికి బంగారు నంది, నాటికకి బంగారు నంది, తర్వాత వెండి, తర్వాత కాంస్యం. వారం పది రోజులు ఒక ఊళ్ళో సందడి. బంగారు నంది వచ్చిన నాటకాన్ని మర్నాడు కాకినాడలో చూద్దామనుకున్నవాడికి దారి లేదు. ఏడాదిలో ఉత్తమమైన నాటకం అని న్యాయనిర్ణేతలే తేల్చినదాన్ని రెండు రాష్ట్రాల జిల్లాల్లో వంద రాత్రులు ఆడించడం ఆ బహుమతిలో భాగం అయి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

రచయితలు లేరన్నది ఆఖరి మాట. గణేశ్ పాత్రో, ఎన్.ఆర్. నంది ఉన్న భాషలో, పాటిబండ్ల ఆనందరావు పడమటి గాలి రాసి పల్లె రైతు పతనాన్ని పూర్తి నిడివి నాటకంగా చూపించాక, ఈ మాట ఎలా వస్తుంది? పడమటి గాలి నిడివి చూసి ఎంతమంది భయపడ్డారో గానీ, జనం చివరిదాకా కదలకుండా చూశారు. నాటక రచయితకి తన నాటకం ఎవరు ఎక్కడ ఆడారో తెలీదు, ఆటకింత అని రాయల్టీ రాదు. కథ రాస్తే కనీసం పత్రికలో పేరు పడుతుంది. నాటకం రాయమని ఆరు నెలల ముందు అడిగి, బయానా ఇచ్చి, ఫలానా తేదీకి తెర లేస్తుందని చెప్పే చోటు ఉంటే రాసేవాళ్ళు వస్తారు. రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటక సమాజం అడగబట్టే చిలకమర్తి రాశారు. ఆ నాటకాల్లో కుర్రతనంలో వేషాలు కట్టినవాడే తర్వాత ఆంధ్రకేసరి అయ్యాడు.

ఇక ఆ పట్టిక ఎలా ఉండాలో చెప్తాను. వాదన ఎంతసేపు చేసినా కాగితం మీద పెట్టకపోతే ప్రయోజనం లేదు.

కన్యాశుల్కం మొదట. 1892 ఆగస్టు 13న విజయనగరంలో మొదటిసారి ఆడిన ఈ నాటకాన్ని గంటన్నర ముక్కగా కత్తిరించడం మనకి అలవాటైపోయింది. దాన్ని కత్తిరించకుండా, వరసగా రెండు రాత్రులు ఆడాలి. తర్వాత వరవిక్రయం, ఎందుకంటే కట్నం ఇంకా పోలేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన మాభూమి. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఎన్ని పల్లెల్లో ఆడాయో, మద్రాసు ప్రభుత్వం ఎందుకు నిషేధించిందో ఇప్పటి కుర్రాడికి స్టేజీ మీదే తెలియాలి. ఎన్.జి.ఓ. ఒకటి, పడమటి గాలి ఒకటి. సురభివాళ్ళనే పిలిచి, అతిథులుగా మర్యాద చేసి, మాయాబజారు. పిల్లలకి ఒకటి, పగటిపూట, బడులకి. కొత్త నాటకం ఒకటి, తప్పనిసరిగా. దాని రచయిత మూడు నెలలు మా తీరంలో ఉండి, రొయ్యల షెడ్లలో తెల్లవారుజామున చలికి వేళ్ళు కొంకర్లు పోయేలా తలలు ఒలిచే ఆడవాళ్ళ మధ్య కూర్చుని రాయాలి.

పదిహేనుమంది నటులు, అయిదుగురు సాంకేతికులు. ఒక్కొక్కరికి నెలకి పాతికవేలు ఇచ్చినా నెలకి 5 లక్షలు, ఏడాదికి 60 లక్షలు. బండి, డీజిలు, బట్టలు, సెట్టు, రచయితకి ఇచ్చేది కలిపినా పెద్ద సినిమాలో ఒక్క పాటకి పెట్టే ఖర్చు దాటదు. రెండు రాష్ట్రాలూ చెరి సగం భరించడానికి ఇది భారమే కాదు. నేల మీద చాప వేసుకునేవాళ్ళకి 30 రూపాయలు, కుర్చీకి 100. వచ్చింది వస్తుంది, రానిది రాదు, మొదటి రెండేళ్ళు లెక్క చూడకూడదు.

తుని ఎందుకు అంటారా? మద్రాసు, హౌరా రైలు దారి మీద ఉన్నాం. జాతీయ రహదారి మీద ఉన్నాం. తాండవకి ఇవతల మేం, అవతల పాయకరావుపేట, రెండు జిల్లాలు ఒక వంతెన దూరం. లోవ తలుపులమ్మ దగ్గరికీ పక్కనే అన్నవరానికీ వచ్చే జనానికి లెక్కలేదు. మామిడికాయల లారీలు కలకత్తా దాకా పోయే ఊరికి నాటకం లారీ రాలేదా? ఏలూరు, తుని, పలాస, జగిత్యాల, మధిర, ఇలాంటి ఊళ్ళే జాతీయ నాటకశాలకి అసలు చిరునామా. హైదరాబాదుకి, విజయవాడకి మిగిలిన రాత్రులు ఇవ్వొచ్చు. ఒడిశాలో బరంపురం, బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల తెలుగువాళ్ళు కూడా పట్టికలో ఉండాలి, వాళ్ళు ఇంట్లో దాచుకున్న తెలుగుకి బయట ఒక రాత్రి దొరకాలి.

మొదటి తెర ఏప్రిల్ 16న రాజమండ్రిలో లేవాలి, 1880లో వీరేశలింగం తన విద్యార్థులతో వ్యవహార ధర్మబోధిని ఆడించిన ఊళ్ళో. అక్కణ్ణుంచి బండి సామర్లకోట మీదుగా మా ఊరికి. అయిదు రాత్రుల మకాం. ఎండాకాలం కాబట్టి ఆరుబయటే, రాత్రి ఎనిమిదింటికి, అన్న సమయానికి. ముఖ్య అతిథి ఉండడు, శాలువాలు ఉండవు, న్యాయనిర్ణేతల బల్ల ఉండదు. ముందు వరసలో చాపలు. వేరుసెనక్కాయల బండికి స్టేజీ కనబడే చోటు ముందే గీత గీసి పెట్టాలి. ఆట అయ్యాక నటుల్లో ఒకరు, ముఖాన రంగు తుడుచుకోకుండానే, తెర ముందుకి వచ్చి మర్నాటి నాటకం పేరు చెప్పాలి.